సోవియట్ వాళ్లు తీసిన మేరీ పాపిన్స్ మా పాపతో కలిసి చూడొచ్చా? రష్యన్ నేర్చుకోవడానికి పనికొస్తుందా?

మీరు అడిగింది ఇది: మీ పాపకి తొమ్మిదేళ్లు, డిస్నీ వాళ్ల మేరీ పాపిన్స్ సినిమా చూసి బాగా ఇష్టపడింది. మీరేమో ఈ మధ్యే రష్యన్ మొదలుపెట్టారు. సోవియట్ కాలంలో టీవీ కోసం తీసిన మేరీ పాపిన్స్ మ్యూజికల్ ఒకటుందని విన్నారు, ఇద్దరూ కలిసి చూడొచ్చా అని. చూడొచ్చండి, తప్పకుండా చూడండి. కాకపోతే డిస్నీ సినిమాకి ఇంకో వెర్షన్ అనుకుని కూర్చుంటే మీ పాప పావుగంటలో లేచిపోతుంది. గొడుగు పట్టుకుని గాలిలో వచ్చి, లండన్‌లో బ్యాంక్స్ వాళ్ల పిల్లల్ని చూసుకునే మాయల ఆయమ్మ మేరీ పాపిన్స్. కథలు అవే, ఇల్లు అదే, గొడుగు అదే. కానీ ఇది పిల్లల కోసం ఎంత తీశారో, చిన్నతనం మర్చిపోయిన పెద్దవాళ్ల కోసం అంతకంటే ఎక్కువ తీశారు. అది ముందే తెలిసి చూస్తే చాలా బాగుంటుంది.

నాకిది ఎలా పరిచయమైందో చెప్తాను. 2006లో మెడిసిన్ చదవడానికి త్వేర్ వెళ్లాను. మాస్కో నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లే దారిలో, వోల్గా ఒడ్డున ఉండే ఊరు అది. మొదటి జనవరి. కొత్త సంవత్సరం సెలవులకి రష్యన్ పిల్లలంతా ఇళ్లకి వెళ్లిపోయారు, హాస్టల్లో మేం కొద్దిమందిమే మిగిలాం. సెలవులవగానే పరీక్షలు, అనాటమీ టెన్షన్ ఒకపక్క, ఇంటి బెంగ ఇంకోపక్క. కింద గేటు దగ్గర డ్యూటీలో ఒక పెద్దావిడ కూర్చునేవారు. మనం మామ్మగారూ అన్నట్టు అందరం ఆవిణ్ని బాబుష్కా అనే పిలిచేవాళ్లం. ఆవిడ బల్ల మీద చిన్న టీవీ, పక్కన ఒక గిన్నెలో కమలాపళ్లు, గాజు గ్లాసులో నిమ్మచక్క వేసిన టీ. ఒకరోజు సాయంత్రం బ్రెడ్ తెచ్చుకుందామని కిందికి దిగితే టీవీలో పాట వస్తోంది, ఆవిడ టీవీతో పాటే పాడుతున్నారు. నన్ను చూసి ఆపలేదు, కుర్చీ చూపించి కూర్చోమన్నారు, చేతిలో ఒక కమలాపండు పెట్టారు. బ్రెడ్ సంగతి మర్చిపోయి రెండు భాగాలూ అక్కడే కూర్చుని చూశాను. మాటల్లో నాకు నాలుగో వంతు కూడా అర్థం కాలేదు. పాటలు మాత్రం ఆ రాత్రి నుంచి ఈ రోజు వరకూ వదల్లేదు.

ఆ సినిమా పేరు రష్యన్‌లో 'మేరీ పాపిన్స్, దో స్విదానియా'. మాస్కోలోని మోస్ఫిల్మ్ స్టూడియో వాళ్లు 1983లో తీశారు, 1984 జనవరి 8న టీవీలో మొదటిసారి వచ్చింది. దర్శకుడు లెయొనీద్ క్వినిఖీద్జె, సంగీతం మక్సీమ్ దునయేవ్‌స్కీ, పాటలు రాసింది నౌమ్ ఓలెవ్. ఇంగ్లీషులో ఈ పేరుని గుడ్‌బై అని పెట్టేశారు గానీ నాకది ఎప్పుడూ నచ్చదు. 'దో స్విదానియా' అంటే అచ్చంగా 'మళ్లీ కలుసుకునేదాకా' అని. మనం గడప దాటేటప్పుడు 'వెళ్తాను' అంటే ఇంట్లో పెద్దవాళ్లు కసురుతారు చూడండి, 'వెళ్లొస్తాను అనాలి' అని. అదన్నమాట. మేరీ పాపిన్స్, వెళ్లొస్తావు కదూ. సినిమా మొత్తం ఆ ఒక్క ముక్కలో ఉంది.

ఇక ఆ పాటలు. మొదట 'నెపగోద' గురించి చెప్పాలి. ఈ మాటని డిక్షనరీలో చూస్తే 'చెడు వాతావరణం' అని ఉంటుంది, దాంతో ఏమీ తెలియదు. త్వేర్‌లో రెండు శరదృతువులు గడిపాక నాకు అర్థమైంది, అది మన ముసురు. ఉరిమి కురిసి వెలిసిపోయే వాన కాదు, పొద్దున లేస్తే అదే, సాయంత్రం అదే, బట్టలు ఆరవు, బయటికి వెళ్లబుద్ధి కాదు. పాటలో వాన కుళాయి విప్పినట్టు పడుతుంటుంది, సగం ఏడాది వాతావరణం బాగుండదు, మిగతా సగం అసలెందుకూ పనికిరాదు, అయినా బతుకుని వాయిదా వేసుకోవడం కుదరదు అంటాడు. ముసురు పాటని అంత హుషారైన బీట్ మీద కట్టడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పాడింది పావెల్ స్మెయాన్, ఆ గొంతు కొంచెం గరుకుగా, రాక్ పాటగాడి గొంతులా ఉంటుంది. తెర మీద కనిపించేది ఎస్టోనియా నటుడు లెంబిత్ ఉల్ఫ్‌సాక్, మిస్టర్ ఎయ్ అనే పాత్రలో. మేరీ పాత్రకీ అంతే, నటించింది నతాల్యా అంద్రేయ్‌చెంకో, పాటలు పాడింది తత్యానా వొరోనినా. మన సినిమాల్లో ప్లేబ్యాక్‌కి అలవాటుపడిన వాళ్లం కాబట్టి ఇది మనకి వింతగా ఉండదు.

నాకు ప్రాణమైన పాట '33 ఆవులు'. కథ చిన్నది. గడ్డిపరక కూడా మొలవని పెద్ద నగరం నడిబొడ్డున ఒక కవి ఉంటాడు, కనిపించిన ప్రతిదానికీ ప్రాస కట్టి కట్టి అలిసిపోతాడు, ఒళ్లు బాగుపడాలని పల్లెటూరికి పంపిస్తారు, అక్కడ మేస్తున్న ఆవుల్ని చూస్తాడు, కొత్త కవిత పుడుతుంది. ఎలా పుట్టిందంటే గ్లాసుడు 'పర్నోయె' పాలలా పుట్టిందట. నాకు ఆ మాట దగ్గర బండి ఆగిపోయింది. 'పార్' అంటే ఆవిరి అని తెలుసు, ఆవిరి పాలేమిటి, కాచిన పాలా అని అడిగాను. బాబుష్కా కాదు కాదు అని తల ఊపి, టీ గ్లాసు పక్కన పెట్టి, మోకాళ్ల మధ్య గిన్నె పెట్టుకున్నట్టు కూర్చుని, రెండు చేతులతో పితుకుతున్నట్టు చేసి, ఆ ఉత్తుత్తి గిన్నెని నా చెంపకి ఆనించారు. వెచ్చగా ఉంటాయని. ఒక్క క్షణంలో నేను మా నానమ్మ ఇంట్లో దొడ్లో ఉన్నాను. నానమ్మ పొద్దున్నే గేదె దగ్గర పితికి, పొదుగు వెచ్చదనం ఆరకముందే నురగతో చెంబులో ఇచ్చేది, గుమ్మపాలు అని. పర్నోయె మలకో అంటే గుమ్మపాలు! నాలుగు నెలలుగా రష్యన్ క్లాసుకి వెళ్తున్నాను గానీ ఆ భాషలో ఒక మాట నా సొంత మాట అనిపించడం అదే మొదటిసారి. ఆవిడకి 'గుమ్మపాలు' అని నేర్పించాను, ఆవిడ గూమ్మపాలూ అని సాగదీసి రెండుసార్లు అన్నారు. ఆ తర్వాత నేను గేటు దగ్గర కనిపించినప్పుడల్లా 'గూమ్మపాలూ' అనే పలకరించేవారు.

భాష సంగతి అడిగారు కాబట్టి ఇక్కడే చెప్తాను, ఈ పాటలు వ్యాకరణానికి నేను చూసిన ఏ పుస్తకం కంటే బాగా పనికొచ్చాయి. '33 ఆవులు' పాటలో పల్లవి 'త్రీద్‌సత్ త్రీ కరోవి' అని మళ్లీ మళ్లీ వస్తుంది. రష్యన్‌లో రెండు, మూడు, నాలుగు అంకెల తర్వాత వచ్చే నామవాచకం షష్ఠీ విభక్తి ఏకవచనంలో ఉంటుంది, ఐదు నుంచి షష్ఠీ బహువచనం. మనకిది మొదట్లో అస్సలు ఎక్కదు, ఎందుకంటే మనం మూడు ఆవులు, ఐదు ఆవులు అని ఒకేలా అంటాం. ముప్ఫై మూడులో చివర ఉన్నది మూడే కాబట్టి 'కరోవి'. ఐదైతే 'ప్యాత్ కరోవ్'. పరీక్షలో ఏ నామవాచకం వచ్చినా మనసులో ముందు ఆవుల్ని తలుచుకునేదాన్ని, తప్పు వచ్చేది కాదు. అలాగే నెపగోద పాట మొదట్లోనే 'వ్ ప్రిరోద్యె', 'వ్ మోద్యె' అని వస్తాయి, ప్రకృతిలో, ఫ్యాషన్‌లో అని. మనం చివర 'లో' తగిలిస్తే సరిపోతుంది, వాళ్లకి ముందు 'వ్' ఉండాలి, చివర అక్షరమూ మారాలి. ప్రాస కోసం పాటలో ఒకదాని వెనక ఒకటి రావడంతో చెవికి పట్టేస్తుంది. ఇంకోటి, ఇంగ్లీషులో దొరకనిది, రష్యన్‌లో మనలాగే నువ్వు, మీరు తేడా ఉంది, 'తి' అంటే నువ్వు, 'వి' అంటే మీరు. సినిమా చూస్తున్నప్పుడు ఎవరు ఎవర్ని ఏమంటున్నారో వింటూ ఉండండి, ఎవరి మధ్య ఎంత దూరం ఉందో తెలిసిపోతుంది. తెలుగువాళ్లకి ఇది సులువుగా పట్టుబడుతుంది.

ఇప్పుడు కథ దగ్గరికి వద్దాం. పి. ఎల్. ట్రావెర్స్ అనే రచయిత్రి రాసిన మొదటి మేరీ పాపిన్స్ పుస్తకం 1934లో వచ్చింది. రష్యన్ పిల్లలకి దాన్ని బరీస్ జఖొదేర్ పరిచయం చేశారు, 1960ల చివర్లో. ఆయన పూర్తిగా అనువదించలేదు, కొన్ని అధ్యాయాలు వదిలేసి తన పద్ధతిలో చెప్పారు. అక్కడి పిల్లలు అది చదివి పెరిగారు, ఈ సినిమా ఆ పుస్తకం మీద ప్రేమతో పుట్టింది. మా నాన్న విశాలాంధ్రలో కొన్న మాస్కో పుస్తకాలు చదివి నేను పెరిగినట్టే అనుకోండి. రాదుగ, ప్రగతి అని అట్ట మీద ఉండేవి, ఆ తెలుగులో ఆ మంచు, ఆ ఎలుగుబంట్లు నాకు మా ఊరి చెరువంత దగ్గరగా ఉండేవి. ఇంకో దేశం కథ మన భాషలోకి వచ్చి మనదైపోవడం ఎలా ఉంటుందో మనకి తెలుసు. రష్యన్లకి లండన్ పిల్లల కథ అలాగే సొంతమైంది. కాబట్టి సినిమాలో లండన్‌ని లండన్‌లా వెతకొద్దు. 1980ల మాస్కో వాళ్లు ఊహించుకున్న లండన్ అది, వీధిలోంచి పాటల బీటు దాకా అన్నిట్లో వాళ్ల కాలమే ఉంటుంది.

ట్రావెర్స్ పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది, అది చదివితే ఈ సినిమా మనసు తెలుస్తుంది. బ్యాంక్స్ వాళ్ల కవల పసిపిల్లలు జాన్, బార్బరా. వాళ్లకి పిట్ట మాట, గాలి మాట, ఎండ మాట అన్నీ అర్థమవుతాయి. పళ్లు రాగానే ఆ భాషంతా మర్చిపోతారు, కిటికీ మీద వాలే పిట్ట దిగులుపడుతుంది. పెద్దవాళ్లలో ఒక్క మేరీ పాపిన్స్ మాత్రం మర్చిపోలేదు, అందుకే ఆమె వేరు. స్క్రీన్‌ప్లే రాసిన వ్లదీమిర్ వలూత్‌స్కీ, దర్శకుడు ఈ మర్చిపోవడాన్నే పట్టుకున్నారని నాకు అనిపిస్తుంది. డిస్నీ సినిమాలో మాయలు కనబడతాయి, బొమ్మలు కదులుతాయి, పెంగ్విన్లు నాట్యం చేస్తాయి. ఇక్కడ మాయలు తక్కువ, అవీ చేతికందిన సామానుతో చేసినవి. దాని బదులు పెద్దవాళ్ల మొహాలు చూపిస్తారు. ఒక పాట మొదలవగానే పిల్లల నాన్న మిస్టర్ బ్యాంక్స్ మొహంలో, ఆయనగా నటించిన ఆల్బెర్త్ ఫిలోజొవ్ మొహంలో ఏదో గుర్తొచ్చినట్టు వచ్చి పోతుంది. చివరికొచ్చేసరికి పెద్దవాళ్లకి తమ చిన్నతనం ఎదురొస్తుంది, ఎలాగో చెప్పను, మీరే చూడండి. 'మార్పు గాలి' గురించిన పాట అక్కడికి సరిగ్గా కుదిరింది. భూమి చిన్నప్పటి రంగులరాట్నంలా తిరుగుతూ ఉంటుందని, దాని మీద ఎడబాటు, కష్టపెట్టిన మాటలు, పోగొట్టుకున్నవి అన్నీ గాలులై వీస్తుంటాయని, వాటిని తరిమే గాలి ఇంకోటి ఉందని చెప్పే పాట అది. నేను మొదటిసారి విన్నప్పుడు ఈ భావమేదీ తెలియదు. అయినా ఇల్లు వదిలి వచ్చిన మొదటి చలికాలం కావడంతో గొంతులో ఏదో అడ్డుపడింది. బాబుష్కా గమనించారు, ఏమీ అనకుండా ఇంకో కమలాపండు ఒలిచి ఇచ్చారు.

నటుల గురించి కొంచెం. అంద్రేయ్‌చెంకో మేరీ చాలా దర్జాగా ఉంటుంది. అద్దంలో చూసుకుంటుంది, తనకి తాను ఎంత చక్కగా ఉన్నానో పాట పాడుకుంటుంది. మొదటి భాగం పేరే 'లేడీ పర్‌ఫెక్షన్'. ట్రావెర్స్ రాసిన మేరీ సరిగ్గా అలాంటిదే, కాస్త గర్వం, కాస్త కటువు. డిస్నీ వాళ్లు తీపి ఎక్కువ చేశారని ట్రావెర్స్ బాధపడ్డారు కూడా. అదే రోజుల్లో, 1983లోనే, అంద్రేయ్‌చెంకో ప్యోత్ర్ తొదరోవ్‌స్కీ తీసిన ఇంకో సినిమాలో చలికాలం వీధిలో పిరోజ్కీలు, అంటే లోపల కూరు పెట్టిన బన్నులు, అమ్ముకునే మొరటు మనిషిగా నటించింది, గొంతు చించుకుని అరుస్తూ. ఆ సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఆ రెండూ ఒకే మనిషంటే నేను నమ్మలేదు, బాబుష్కాని రెండుసార్లు అడిగాను.

మిస్ ఆండ్రూ రాగానే మీ పాప లేచి కూర్చుంటుంది చూడండి. మిస్టర్ బ్యాంక్స్‌ని చిన్నప్పుడు పెంచిన గయ్యాళి ఆయమ్మ ఆవిడ. ఆవిడ వస్తోందని తెలిసి పుస్తకంలో ఆయన ఇంట్లోంచి పారిపోతాడు కూడా. ఆ వేషం వేసింది అలేగ్ తబకోవ్, మగవాడు. మనకి స్థానం నరసింహారావు గారి పేరు వింటూ పెరిగిన అలవాటు ఉంది కాబట్టి మగవాళ్లు ఆడవేషం కట్టడం కొత్త కాదు, కానీ తబకోవ్ అందం కోసం ప్రయత్నించడు, భయం కోసం ప్రయత్నిస్తాడు. ఆయన నోరు తెరవగానే రష్యన్లందరికీ వినిపించేది మత్రోస్కిన్ అనే పిల్లి, ప్రొస్తక్వాషినో కార్టూన్లలో దానికి గొంతు ఇచ్చింది ఆయనే. బాబుష్కా టీవీ వైపు వేలు పెట్టి 'మత్రోస్కిన్, మత్రోస్కిన్' అని చిన్నపిల్లలా అరిచారు. మీరు ఆ కార్టూన్ ముందు చూపిస్తే మీ పాపకి కూడా ఆ సరదా దక్కుతుంది. పొరుగింటి అడ్మిరల్ బూమ్‌గా జినోవీ గెర్త్ అనే నటుడు ఉన్నారు, చిన్న వేషం, కానీ నేను ఆయన కనిపించిన ప్రతిసారీ సంతోషించాను. బ్యాంక్స్ వాళ్లమ్మాయి జేన్‌గా వేసిన పాప ఆన్నా ప్లిసేత్‌స్కయా, గొప్ప బ్యాలే నర్తకి మాయా ప్లిసేత్‌స్కయాకి మేనకోడలు. ఆ పిల్ల నిలబడే తీరులోనే అది తెలిసిపోతుంది.

నచ్చనిది కూడా చెప్పాలి. రెండో భాగం నడుమ కొంచెం నిదానిస్తుంది. నాట్యాలు అందంగా ఉంటాయి, కానీ కథ ఆపేసి మరీ ఉంటాయి. పోయిన ఏడాది మా బాబుకి, వాడికి ఎనిమిదేళ్లు, వేసవి సెలవుల్లో చూపించాను. మొదటి భాగం మొదట్లో 'ఎప్పుడు ఎగురుతుంది' అని అడుగుతూ కూర్చున్నాడు. ఆవుల పాట దగ్గర లేచి గంతులేశాడు, మిస్ ఆండ్రూ వచ్చినంతసేపూ నా చెయ్యి వదల్లేదు, రెండో భాగం నడుమ రెండుసార్లు ఫ్రిజ్ దగ్గరికి వెళ్లొచ్చాడు. మాటలు అర్థం కావు కదా, నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్తూ పోయాను. సబ్‌టైటిల్స్ చదివే వేగం ఆ వయసుకి ఉండదు, మీరూ అలాగే చెప్పాల్సి వస్తుంది. అది మంచిదే, చెప్తుంటే మీ రష్యన్ కూడా మెరుగుపడుతుంది. మొత్తం ఒకే రోజు వద్దు. రెండు భాగాలు, ఒక్కోటి గంటకి పైనే, రెండు సాయంత్రాలు పెట్టుకోండి. మోస్ఫిల్మ్ వాళ్ల యూట్యూబ్ ఛానల్లో ఉంది.

నా మాట విని ఒక పని చేయండి. సినిమా పెట్టడానికి వారం ముందు నుంచీ రెండు పాటలు, ముసురు పాట, ఆవుల పాట, కారులోనో వంటింట్లోనో వినిపిస్తూ ఉండండి. సినిమాలో ఆ పాట రాగానే 'ఇది నాకు తెలుసు' అని మీ పాప మొహం వెలుగుతుంది, ఆ తర్వాత తనే కూర్చుంటుంది. ఆవుల పాట ముందు వీలైతే ఎక్కడైనా గుమ్మపాలు తాగించండి, హైదరాబాద్‌లో ఉంటే కష్టమే, ఊరెళ్లినప్పుడు కుదురుతుంది.

ఆఖర్లో మేరీ వెళ్లిపోతుంది, మీ పాప అడుగుతుంది. మా వాడూ అడిగాడు, 'మళ్లీ వస్తుందా అమ్మా' అని. పేరులోనే ఉంది కదా, వెళ్లొస్తానని చెప్పి వెళ్లింది అన్నాను. ట్రావెర్స్ రెండో పుస్తకం పేరే మేరీ పాపిన్స్ తిరిగొస్తుంది అని, కాబట్టి నేను చెప్పింది అబద్ధం కూడా కాదు. ఆ పుస్తకం దగ్గర పెట్టుకుని ఉండండి, మర్నాడే అడుగుతారు.